ఆ రోజు నా చేతులు ఒళ్ళోనే ఉన్నాయి

ఇప్పుడు కుర్చీలో నొప్పి లేకుండా కాసేపు కూర్చోగలుగుతున్నాను కాబట్టి రాస్తున్నాను. వేసవిలో అయితే పడుకునే రాయాల్సి వచ్చేది. అప్పుడు నాకున్న కోపానికి వాక్యాలకు బదులు తిట్లు పడేవి. కోపం ఇప్పుడూ పోలేదు. నాతోపాటు అదీ కాస్త కుదురుగా కూర్చోవడం నేర్చుకుంది.

విమానం నడపడం నేర్చుకుంటుండగా ల్యాండింగులో జరిగిన ప్రమాదంలో నా నడుము దగ్గరి వెన్నుపూస ఒకటి నలిగిపోయింది. దానికి డాక్టర్లు పెట్టిన పేరు, లోపల బిగించిన వాటి పేర్లు ఇక్కడ రాయను. వాటితో ఎవరికీ పని లేదు. నాలాగే మంచం మీద పడి ఉన్నవాళ్ళకు మాత్రం ఒక మాట చెప్పాలనుంది. మీకు జరిగినదాన్ని పక్కన నిలబడి ఇంకొకళ్ళు ఇంకోలా చెప్తుంటే, నొప్పిలో ఉన్న మనిషికి అడ్డు చెప్పే ఓపిక ఉండదు. ఓపిక వచ్చేసరికి వాళ్ళ కథ ఊరంతా తిరిగేసి ఉంటుంది. నాకు అలాగే అయింది.

ఫిబ్రవరి

మా ఇల్లు గుడివాడలో. నాన్నకు కృత్తివెన్ను దగ్గర రొయ్యల చెరువులున్నాయి. నేను పైలట్ అవుతానంటే ఆయన ఒప్పుకున్నది నా మార్కులు చూసి కాదు, నా పట్టుదల చూసీ కాదు. సుధీర్ ఉన్నాడని.

సుధీర్ వాళ్ళ నాన్న, మా నాన్న బందరులో కలిసి చదువుకున్నారు. ఆయన నాకు చిన్నప్పటి నుంచి బందరు మావయ్య. ఆ వరసన సుధీర్ బావ. వేరే రాష్ట్రంలో ఒక ఫ్లయింగ్ స్కూల్లో ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేస్తున్నాడు. మా వైపు ఒక అలవాటుంది. మంచి డాక్టరెవరు, మంచి కాలేజీ ఏది అని ముందు అడగం. అక్కడ మనవాళ్ళెవరైనా ఉన్నారా అని అడుగుతాం. ఉన్నారంటే ఇక మిగతావేవీ అడగం. ఆ స్కూలు ఎలాంటిదని గానీ, సుధీర్ ఎలా నేర్పుతాడని గానీ నాన్న ఎవర్నీ ఒక్క ముక్క అడగలేదు.

"మనవాడున్నాక భయమేముందే? నా కళ్ళెదురుగా ఉన్నట్టే," అన్నాడు.

"పైగా పెళ్ళయిన బావ. ఏ గొడవా లేదు," అని అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ చిన్న శిక్షణ విమానంలో ఇద్దరం పక్కపక్కన కూర్చుంటాం. కంట్రోళ్ళు ఇద్దరి ముందూ ఉంటాయి. అందుకని ఎవరు నడుపుతున్నారో పైకి చెప్పుకోవాలి. ఇన్‌స్ట్రక్టర్ "ఐ హ్యావ్ కంట్రోల్" అంటే, నేర్చుకునేవాళ్ళు "యూ హ్యావ్ కంట్రోల్" అని చేతులూ కాళ్ళూ వెంటనే తీసేయాలి. వాదించకూడదు. మొదటి రోజే నేర్పేది ఇదే. నేను దాన్ని తు.చ. తప్పకుండా పాటించేదాన్ని.

ఆ ఉదయం ల్యాండింగులు సాధన చేస్తున్నాం. కొంచెం వేగంగా వచ్చాను. చక్రాలు రన్‌వేకి తగిలి, విమానం మళ్ళీ పైకి ఎగిసింది. నేర్చుకునేవాళ్ళందరికీ జరిగేదే. అలాంటప్పుడు ఇంజనుకు పూర్తి శక్తి ఇచ్చి, దిగడం మానేసి, పైకి లేచి ఇంకో చుట్టు తిరిగి రావాలి. ఇంజను శక్తి పెంచే త్రాటిల్‌ను నేను ముందుకు తోశాను. సుధీర్‌కు అలా తిరిగి రావడం నచ్చదు. చేతకానివాళ్ళ పని అనేవాడు. బయట నిలబడి చూసేవాళ్ళు నవ్వుతారనేవాడు.

"ఐ హ్యావ్ కంట్రోల్!" అని అరిచాడు.

"యూ హ్యావ్ కంట్రోల్," అన్నాను. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

అతను త్రాటిల్ వెనక్కి లాగేసి, విమానాన్ని బలవంతంగా నేలకు అదిమాడు. విమానం ముక్కు కింది చక్రం మొదట తగిలింది. ఇంతకుముందు కంటే పైకి ఎగిరాం. మళ్ళీ అదిమాడు. ఆ దెబ్బకు ముక్కు చక్రం విరిగి, విమానం రన్‌వే పక్క గడ్డిలోకి ఈడ్చుకుపోయింది. కింది నుంచి ఎవరో గునపంతో పొడిచినట్టు నడుములోంచి మెడ దాకా నొప్పి పాకింది. దుమ్ములో ఏమీ కనపడలేదు. నా ఎడమ పాదం ఉందో లేదో నాకు తెలియలేదు.

సుధీర్ నా బెల్టు విప్పి, చెవి దగ్గరకు వంగాడు.

"నేను చూసుకుంటా. నువ్వు ఎవరితో ఏం మాట్లాడకు," అన్నాడు.

అది దయ అనుకున్నాను. నా కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

మార్చి

అక్కడే ఆపరేషన్ చేసి, కదపొచ్చు అన్నాక బెజవాడ ఆసుపత్రికి తీసుకొచ్చారు. ఆ రోజుల్లో నాకు బాగా గుర్తున్నది పైకప్పు. పక్కకు తిరగాలంటే ఇద్దరు మనుషులు కావాలి. దుంగను దొర్లించినట్టు దొర్లించేవారు. నూజివీడు నుంచి వచ్చిన ఒక నర్సమ్మాయి మాత్రం ముందు "తిప్పనా అక్కా?" అని అడిగేది. ఇంకెవరూ అడిగేవారు కాదు. నా జుట్టు దిండుకు చిక్కుపడకుండా పక్కకు జడ వేసి, పెళ్ళికూతుర్ని చేసినంత సంబరంగా చూసుకునేది. ఆ అమ్మాయి డ్యూటీలో ఉన్న రోజు నాకు ఏడుపు వచ్చేది కాదు.

ఒక మధ్యాహ్నం సుధీర్ వచ్చాడు. చేతిలో బందరు లడ్డూల పెట్టె. కుడిచేతి బొటనవేలికి పెద్ద కట్టు.

"అదేంటి నాయనా?" అని అమ్మ అడిగింది.

"చిన్నదే అత్తయ్యా. తలుపు పడింది," అన్నాడు.

ఎడమచేత్తో లడ్డూ తుంచి నా నోట్లో పెట్టాడు. తిన్నాను. మందుల మత్తులో ఉన్నాను, ఏది పెట్టినా తినేదాన్ని. తర్వాత నాన్నను వరండాలోకి తీసుకెళ్ళాడు. తలుపు ఓరగా ఉంది. వాళ్ళ మాటలు వినపడలేదు గానీ, నాన్న అతని భుజం తట్టడం కనపడింది. పాపం, అతనికీ ధైర్యం చెప్తున్నాడు కాబోలు అనుకున్నాను.

గుడివాడ వచ్చాక నాకు తెలిసిన సంగతి, నేను బాత్రూంలో జారిపడ్డానట. అమ్మా నాన్నా కలిసి అనుకున్న మాట అది. విమానం అంటే రేపు సంబంధాలు రావని అమ్మ భయం. ఆడపిల్లను అంత దూరం పంపొద్దని మేం ముందే చెప్పాం కదా అంటారని నాన్న భయం. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా నా నడుముకు బిగించిన గట్టి బెల్టు వైపు జాలిగా చూసి, బాత్రూం నేలల గురించి గంటలకొద్దీ మాట్లాడేవారు. మా పిన్ని అయితే తన ఇంట్లో బాత్రూములన్నిటికీ రబ్బరు పట్టాలు వేయించింది. ఆ ఒక్క మేలు జరిగింది నావల్ల.

నవ్వుతూ రాస్తున్నాను గానీ అప్పుడు నవ్వు రాలేదు. ఎడమ పాదం పైకి లేచేది కాదు. చెప్పు వేసుకుంటే రెండడుగుల్లో జారిపోయేది. విమానంలో పాదాలతో చాలా పని ఉంటుంది. ప్రతి పొద్దునా దుప్పటి తీసి, ఆ వేళ్ళ వైపు చూస్తూ, లేవండి అని లోపల బతిమాలుకునేదాన్ని.

ఏప్రిల్

ప్రమాదం మీద విచారణ చేస్తున్న అధికారి ఫోన్ చేశాడు. మర్యాదస్తుడు. ముందు నా నడుము ఎలా ఉందని అడిగాడు. తర్వాత, "చివరిదాకా విమానం మీ చేతిలోనే ఉందని మీ ఇన్‌స్ట్రక్టర్ చెప్పారు. మీరూ ఇంట్లో అలాగే అన్నారని మీ నాన్నగారు చెప్పారు. మీ నోట కూడా వింటే ఇక నా పని అయిపోతుంది," అన్నాడు ఇంగ్లీషులో.

మనిషి ఎదురుగా ఉంటేనే మాట్లాడతానని మాత్రం అనగలిగాను. ఇంకాస్త కోలుకునే దాకా ఆగమన్నాను. సరేనన్నాడు.

ఆ చిన్న విమానంలో మాటలు రికార్డు చేసే పెట్టె ఏదీ లేదు. లోపల ఉన్నది ఇద్దరమే. ఆ ల్యాండింగు నా పేరు మీద పడితే రేపు నాకు ఉద్యోగం ఎవరూ ఇవ్వరు, అది ఒకటి. అంతకంటే నన్ను పట్టుకుని వదలనిది ఇంకోటి. నేను మళ్ళీ ఎగిరినా ఎగరకపోయినా, సుధీర్ పక్క సీట్లో రేపు ఇంకెవరో పిల్లో పిల్లాడో కూర్చుంటారు. అతను కంట్రోల్ అనగానే నాలాగే బుద్ధిగా చేతులు తీసేస్తారు.

అమ్మను పిలిచి అడిగాను. అమ్మకు ముందే తెలుసు.

"మీ నాన్న సుధీర్‌కు మాటిచ్చేశారమ్మా. ఆ అబ్బాయికి ఉద్యోగం పోతుందంట. చిన్నపిల్లలున్నారు. నేర్చుకునేవాళ్ళకైతే పొరపాట్లు మామూలే అంట, నిన్నేమీ అనరంట."

"నేను చెయ్యలేదమ్మా."

"మీ నాన్న చెప్పారు కదా అని నేను..."

"నాన్న అక్కడున్నాడా?"

అమ్మ నా దుప్పటి అంచు సర్దింది. ఆ సర్దడం చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. దుప్పటి లాగి కిందకు విసిరేశాను. విసిరినందుకు నడుము పట్టేసి, మళ్ళీ అమ్మనే పిలవాల్సి వచ్చింది. జబ్బుమనిషికి అలిగే స్వతంత్రం కూడా ఉండదు.

ఆ వారమే బెజవాడ డాక్టరు దగ్గరకు చూపించుకోవడానికి వెళ్ళాం. అక్కడ వెయిటింగ్ హాల్లో పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాకా పిలుపు రాదు. నాన్న మందుల కోసం, అమ్మ టీ కోసం వెళ్ళారు. నా పక్కన బందరు నుంచి వచ్చిన మెహరున్నీసా గారని ఒకావిడ కూర్చుంది. వాళ్ళాయన రోల్డ్‌గోల్డ్ నగల పనిచేస్తాడు, ఏళ్ళ తరబడి వంగి కూర్చుని వెన్ను పాడుచేసుకున్నాడు. నేను కుర్చీలో అవస్థ పడుతుంటే ఆవిడ తను తెచ్చుకున్న దిండు తీసి నా నడుము వెనక పెట్టింది.

"ఎట్టా అయ్యింది తల్లీ?"

బాత్రూం అనబోయాను. నోరు రాలేదు. మొత్తం చెప్పేశాను. అంతవరకు ఎవరికీ చెప్పని మనిషిని, ఊరూ పేరూ అప్పుడే తెలిసిన ఆవిడకు చెప్పాను. ఆవిడ ఒక్కసారి కూడా మధ్యలో ఆపలేదు.

"మరి అతనొచ్చాడా నిన్ను చూడ్డానికి?"

"వచ్చాడండీ. లడ్డూలు తెచ్చాడు."

"తిన్నావా?"

"తిన్నానండీ."

"అయ్యో, తిన్నావా!" అంది ఆవిడ, నా నడుము విరిగినదానికంటే ఎక్కువ బాధగా. ఇద్దరం నవ్వేశాం. నవ్వితే ఆపరేషన్ చేసిన చోట మంటెత్తింది, అయినా నవ్వాను. వెళ్ళేటప్పుడు ఆవిడ దిండు వెనక్కి తీసుకోలేదు. ఇంకోటి కుట్టుకుంటానంది.

మే

ఎండలు ముదిరాయి. నాన్న పొద్దున్నే చెరువుల మీదకు వెళ్ళి, ఎండెక్కేసరికి ఇంటికొచ్చి పడుకునేవాడు. అధికారి వచ్చే రోజు దగ్గరపడింది. నాన్న లేచే వేళకు నేను చేతికర్ర పట్టుకుని హాల్లోకి వచ్చి, ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"నువ్వు అబద్ధం చెప్పావు నాన్నా."

"నీ మంచికే చెప్పానమ్మా. కోర్సు పూర్తయ్యేదాకా సుధీర్ చూసుకుంటానన్నాడు. రేపు అక్కడికి వెళ్తే మనకెవరున్నారు చెప్పు? గొడవ పెట్టుకుని బాగుపడ్డవాళ్ళున్నారా?"

కొన్నేళ్ళ కిందట మా పక్క చెరువు రైతుకు రొయ్యల్లో వైరస్ వచ్చింది. పక్కవాళ్ళకు చెప్పాలి, నీళ్ళు బయటకు వదలకూడదు. అతను ఎవరికీ చెప్పలేదు. గుట్టుగా రొయ్యలు పట్టించేసి, ఆ నీళ్ళు కాలువలోకి వదిలేశాడు. సంగతి తెలియక మేం అదే కాలువ నుంచి మా చెరువుకు నీళ్ళు పెట్టుకున్నాం. మా పంట మొత్తం చచ్చి గట్టుకు కొట్టుకొచ్చింది. చెప్తే పరువు పోతుందనీ, బేరం పోతుందనీ మా వైపు చాలామంది చేసే పనే. ఆ రోజు నాన్న గట్టు మీద నిలబడి తిట్టిన తిట్లు అంతకుముందు నేను ఎన్నడూ వినలేదు. ఇప్పటికీ ఆ మనిషి ఎదురొస్తే నాన్న మొహం తిప్పుకుంటాడు.

"ఆ రోజు ఆయన ఒక్క మాట చెప్పుంటే నువ్వు నీళ్ళు పెట్టేవాడివా?" అన్నాను.

ఎవరి గురించో నాన్నకు వెంటనే అర్థమైంది.

"అవి రొయ్యలు. ఇక్కడ మనుషుల మధ్య మాట," అన్నాడు.

"అందుకే చెప్తున్నా. ఆ సీట్లో కూర్చునేది మనుషులే."

నాన్న కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. ఎండ ఇంకా దిగకముందే చెరువుల మీదకు వెళ్ళిపోయాడు.

అన్నిటికంటే నన్ను కోసేసింది అబద్ధం కాదు. అసలేం జరిగింది అని ఆయన నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. సుధీర్‌ను అడిగాడు, బందరు మావయ్యతో మాట్లాడాడు, డాక్టర్లను అడిగాడు. కూతుర్ని అడగలేదు. సుధీర్ చేసింది ద్రోహం. దానికి నా దగ్గర పేరుంది. నాన్న చేసినదానికి పేరు దొరకలేదు. నా మంచం పక్కన కూర్చుని నాకు దానిమ్మ గింజలు వొలిచిపెట్టిన మనిషే ఆ పని చేశాడు.

అధికారి వచ్చాడు. అమ్మ మజ్జిగ ఇచ్చింది. నాన్న గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తను అక్కడ ఉంటే నేను చెప్పలేననుకున్నాడో, నేనేం చెప్తానో విందామనే కూర్చున్నాడో తెలియదు.

"విమానం ఎవరి చేతిలో ఉంది?" అని అధికారి అడిగాడు.

"ఆయన చేతిలో అండీ."

"మీ నాన్నగారు వేరుగా చెప్పారు."

"మా నాన్న ఆ విమానంలో లేడండీ," అన్నాను.

కుర్చీ చప్పుడైంది. నేను తల తిప్పి చూసేసరికి గుమ్మం దగ్గర ఎవరూ లేరు. మిగతాదంతా అధికారికి చెప్పాను. త్రాటిల్ ఎవరు తోశారో, ఎవరు లాగారో, ఏ దెబ్బకు ఏం విరిగిందో, అలాంటి దెబ్బకు కంట్రోల్ పట్టుకున్న చేతి బొటనవేలే నలుగుతుందని, అతని వేలికున్న కట్టు సంగతీ చెప్పాను. అధికారి మజ్జిగ తాగి, నమస్కారం పెట్టి వెళ్ళాడు. ఆ సాయంత్రం నాన్న నాతో మాట్లాడలేదు. తర్వాత కూడా చాలా రోజులు మాట్లాడలేదు. బెల్టు బిగించడానికి మాత్రం వచ్చేవాడు, ఎందుకంటే అమ్మ చేతులకు అంత బలం లేదు. పట్టీలు లాగి, సరిపోయిందా అని కూడా అనకుండా వెళ్ళిపోయేవాడు.

జూలై

బెల్టు తీసేశారు. ఎడమ పాదం లేస్తోంది, పూర్తిగా కాదు గానీ చెప్పు నిలుస్తోంది. దాన్ని లేపుకుంటూ హాలంతా నడిచినందుకు అమ్మ హంసలదీవి వెళ్ళి సాగరసంగమంలో స్నానం చేయించాలని మొక్కుకుంది. ఆ గతుకుల రోడ్డు మీద తీసుకెళ్తే మొక్కు తీరేలోపు నడుము తీరిపోతుందని డాక్టరు చెప్పినట్టు నేనే కల్పించి వాయిదా వేయించాను. మళ్ళీ ఎగరగలనో లేదో ఎవరూ చెప్పడం లేదు. అడగడం మానేశాను.

విచారణ ఇంకా తేలలేదు. బందరు మావయ్య మా ఇంటికి ఫోన్ చేయడం మానేశాడు. సుధీర్ ఆ స్కూలు వదిలేసి ఇంకో చోట చేరాడని, అక్కడా నేర్పుతున్నాడని తెలిసింది. ఆ మాట విన్న రోజు నేను అన్నం తినలేదు. ఇంత కష్టపడి నిజం చెప్పి నేను సాధించింది, మా ఇంట్లో మాటల్లేకుండా పోవడమేనా అనిపించింది.

మొన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర నాన్న ఫోన్ మోగింది. చెయ్యి ఎంగిలి కాబట్టి స్పీకర్ పెట్టాడు.

"నమస్కారమండీ. నేను అవనిగడ్డ నుంచండీ. మా అమ్మాయిని పైలట్ ట్రైనింగుకు పంపుదామని చూస్తున్నామండీ. సుధీర్ గారని బందరాయన, మీకు బాగా కావలసినవాళ్ళని చెప్పారు. ఆయన దగ్గర చేర్పించొచ్చాండీ? మీరు ఊఁ అంటే మాకు ధైర్యం."

నాన్న ముద్ద కలపడం ఆపాడు. అమ్మ పెరుగు గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది. అవతలాయన "హలో, ఉన్నారాండీ?" అన్నాడు.

"ఉన్నానండీ," అన్నాడు నాన్న. "మా అమ్మాయి ఆయన దగ్గరే నేర్చుకుంది. నాకు తెలీదు. తనకు తెలుసు, తనను అడగండి."

ఎడమచేత్తో ఫోన్ నా వైపు జరిపాడు. లేచి వెళ్తాడనుకున్నాను. వెళ్ళలేదు.

నేను మొదలుపెట్టాను. ఆ ఉదయం గాలి ఎలా ఉందో దగ్గర్నుంచి చెప్పాను. అవతలాయన మధ్యమధ్య "అయ్యయ్యో" అంటున్నాడు. నేను ఫోన్ వైపు చూసి చెప్పడం లేదు. ఎదురుగా ఉన్న మనిషిని చూసి చెప్తున్నాను. నాన్న తల ఎత్తకుండా, మొదటిసారి, చివరిదాకా విన్నాడు. ఫోన్ పెట్టేసేసరికి ఆయన చేతికి అంటిన అన్నం ఎండిపోయింది.

"ఆ రోజు బాగా నొప్పి పుట్టిందా అమ్మా?" అన్నాడు.

"అప్పుడే అడగాల్సింది నాన్నా," అన్నాను.